అలిసింది కండరమా, పట్టీయా? మోచేతి బల్ల డైరీ

మోచేతి బలాన్నీ, అది అలిసిపోయే తీరునీ కొలిచే చిన్న బల్ల ఒకటి కట్టాను. ఏడు వారాల లెక్క ముందే చెప్పేస్తాను. మొత్తం 53 ట్రయల్స్ చేశాం, పనికొచ్చినవి 15. మిగతా 38 ఎలా పాడయ్యాయన్నదే ఈ డైరీలో ఎక్కువ. ఇలాంటి బల్ల కట్టుకుందామనుకునేవాళ్లు ఆ 38 గురించి ముందు చదువుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

వ్యాయామ శాస్త్రంలో 19 ఏళ్లుగా ఉన్నాను. కండరాన్ని మెదడు ఎలా నడిపిస్తుంది, అది ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే నా పని. ఇన్నేళ్లూ కొలిచింది ల్యాబ్‌లోని పెద్ద డైనమోమీటర్ (బలం కొలిచే యంత్రం) కుర్చీ మీద. మనిషిని కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, బటన్ నొక్కితే గ్రాఫ్ వచ్చేస్తుంది. విద్యార్థులు సొంతంగా కట్టుకోగలిగే చిన్న బల్ల ఒకటి చేద్దామని కూర్చున్నాకే, ఆ కుర్చీ ఇన్నాళ్లూ నన్ను ఎన్ని తప్పుల నుంచి కాచిందో తెలిసింది.

కొలిచేది ఒక్కటే. మోచెయ్యి 90 డిగ్రీల దగ్గర వంచి, అరచెయ్యి పైకి తిప్పి, కదలని గొలుసుని మణికట్టుతో పైకి లాగాలి. ఎంత బలం వస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది? చెయ్యి కదలదు కాబట్టి ఇది ఐసోమెట్రిక్ కొలత.

సామాను:

- 50 కిలోల ఎస్-టైప్ లోడ్ సెల్ (లాగిన బలాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్)
- హెచ్‌ఎక్స్ 711 ఆంప్లిఫయర్ బోర్డు (ఆ సంకేతాన్ని పెంచి అంకెలుగా మార్చేది), ఆర్డునో ఊనో (ఆ అంకెలని ల్యాప్‌టాప్‌కి పంపే చిన్న కంప్యూటర్ బోర్డు)
- మందమైన ప్లైవుడ్ పలక, ఐ-బోల్టు, గొలుసు, టర్న్‌బకిల్ (తిప్పి గొలుసుని బిగించే మర)
- చక్రాలు లేని చెక్క కుర్చీ (చక్రాల కుర్చీతో మొదలుపెట్టాను, దాని గురించి ఇంతకంటే చెప్పను)
- వెడల్పాటి పట్టీలు, ఫోమ్, మోచేతి కింద పెట్టడానికి గట్టి మెత్త
- ఈఎంజీ బోర్డు, అంటించే ఎలక్ట్రోడ్లు (ఇవి దశ 5లో)

దశ 1: లోడ్ సెల్‌కి లెక్క నేర్పడం (రోజు 1–5)

కుర్చీ కాళ్లు ప్లైవుడ్ పలక మీదే ఉంటాయి, కాబట్టి కూర్చున్న మనిషి బరువే పలకని కదలనివ్వదు. పలకకి ఐ-బోల్టు, దానికి లోడ్ సెల్, పైన టర్న్‌బకిల్, గొలుసు, చివర మణికట్టు పట్టీ. మొదట గొలుసు బదులు నైలాన్ తాడు వాడాను. లాగిన ప్రతిసారీ తాడు సాగి, మోచెయ్యి 90 నుంచి దాదాపు 80 డిగ్రీలకి వచ్చేసేది. కోణం మారితే కండరం పొడవు మారుతుంది, దాంతో బలమూ మారుతుంది. రెండో రోజే తాడు తీసేశాను.

కాలిబ్రేషన్‌కి నీళ్లు చాలు. లీటరు నీళ్లు కిలో.

1. లోడ్ సెల్‌ని పైనుంచి వేలాడదీసి, ఖాళీ బకెట్ తగిలించి, రీడింగ్ రాసుకోండి. బకెట్ బరువు విడిగా తూచి ఉండాలి.
2. రెండేసి లీటర్లు పోస్తూ 20 లీటర్ల దాకా వెళ్లండి. పోసిన ప్రతిసారీ బకెట్ ఊగడం ఆగేదాకా ఆగండి.
3. అదే వరుసలో తగ్గిస్తూ రండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే బరువుకి ఒకే రీడింగ్ రావాలి.
4. గ్రాఫ్ గీసి సరళరేఖ వేయండి. కిలోలని 9.81తో గుణిస్తే న్యూటన్లు.

నా మొదటి మూడు కాలిబ్రేషన్లూ కొట్టేయాల్సొచ్చింది. 20 కిలోలు వేలాడదీసి పది నిమిషాలు వదిలేస్తే రీడింగ్ 20.00 నుంచి 19.79కి దిగింది. లోహం కొద్దికొద్దిగా సాగుతోందేమో, సెల్ నాసిరకమేమో అని తిట్టుకున్నాను. తర్వాత బకెట్ తీసేసి ఖాళీ సెల్‌ని పది నిమిషాలు చూస్తే, సున్నా దగ్గర కూడా సరిగ్గా అంతే దిగింది. అంటే సాగుతున్నదేమీ లేదు, కరెంటు ఇచ్చిన కొత్తలో సెల్, బోర్డు వేడెక్కుతూ సున్నా జరుగుతోంది. అప్పటినుంచి ట్రయల్‌కి 20 నిమిషాల ముందే ఆన్ చేస్తున్నాను. ప్రతి లాగుడికీ ముందు సున్నా పెడుతున్నాను, లాగుడు అయ్యాక సున్నాకి తిరిగొచ్చిందా అని చూస్తున్నాను. నాలుగో, అయిదో కాలిబ్రేషన్లలో రేఖ నుంచి అతి ఎక్కువ తేడా 0.06 కిలోలు. ఈ పనికి అది చాలు.

ఈ ‘లాగుడు తర్వాత సున్నా’ అలవాటు లేకపోతే ఏమవుతుందో ఊహించండి. అయిదు నిమిషాల పరీక్షలో సున్నా మెల్లగా కిందికి జారుతుంటే, కండరం అలిసిపోతున్నట్టే కనిపిస్తుంది.

*ఇప్పటికి: కాలిబ్రేషన్లు 5, పనికొచ్చినవి 2. మనిషి చేసిన ట్రయల్స్ 0.*

దశ 2: సెకనుకి పదా, ఎనభయ్యా (రోజు 6–9)

తోడుకి మా తమ్ముడు వచ్చాడు. బ్యాడ్మింటన్ ఆడతాడు, చెప్పిన మాట ఒక పట్టాన వినడు, అందుకని పరీక్షకి కూర్చునే మనిషిగా పనికొస్తాడు.

ఇద్దరం కలిసి 12 లాగుళ్లు లాగాం. గ్రాఫ్ చూస్తే మెట్లు మెట్లుగా ఉంది. హెచ్‌ఎక్స్ 711 సెకనుకి 10 రీడింగులు గానీ 80 రీడింగులు గానీ ఇస్తుంది. ఏది ఇవ్వాలో చిప్ మీది 15వ కాలు (రేట్ పిన్) చెబుతుంది. నా బోర్డులో ఆ కాలు గ్రౌండ్‌కి కలిపేసి ఉంది, అంటే 10. పైగా 10 దగ్గర పెడితే కొత్త బలానికి రీడింగ్ స్థిరపడటానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. మనిషి పూర్తి బలం అందుకునే తొలి అర సెకను అంతా దాంట్లోనే మాయమైపోతుంది.

మార్చింది ఇలా:

1. సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో 15వ కాలిని బోర్డు నుంచి పైకి లేపాను.
2. దాన్ని పక్కనున్న 16వ కాలికి, అంటే విద్యుత్ సరఫరా కాలికి, చిన్న తీగతో కలిపాను.
3. ఆర్డునోలో పంపే వేగం పెంచి, నిమిషంలో ఎన్ని రీడింగులు వచ్చాయో లెక్కపెట్టాను. 4,800కి దగ్గరగా వచ్చింది, అంటే మార్పు పట్టింది.

మొదటి బోర్డు కాలు విరిగింది. రెండోది బతికింది.

80 దగ్గర స్థిరపడే సమయం 50 మిల్లీసెకన్లు. అయినా బలం ఎంత వేగంగా పుంజుకుంటుందో ఈ బోర్డుతో కొలవకూడదని నిర్ణయించుకున్నాను. ఆ కొలతలో మొదటి 50 మిల్లీసెకన్లే ప్రాణం, ఇది ఆ 50నే మింగేస్తుంది. గరిష్ఠ బలం, నిలకడ, అలసట వరకైతే ఢోకా లేదు. 80 దగ్గర రీడింగుల్లో ఊగిసలాట (నాయిస్) కాస్త ఎక్కువ, అందుకే అర సెకను సగటు తీసుకుంటున్నాను.

*ఇప్పటికి: ట్రయల్స్ 12, పనికొచ్చినవి 0. పోయిన బోర్డు 1.*

దశ 3: గరిష్ఠ బలం అనే మాయ (రోజు 10–21)

ఈ రంగంలో దీన్ని ఎంవీసీ అంటాం. మనిషి తన ఇష్టంతో లాగగలిగినంత గట్టిగా లాగిన లాగుడు. మిగతా అన్నిటినీ దీంట్లో శాతంగానే చెబుతాం, కాబట్టి ఇది తప్పయితే ఆ తర్వాతి అంకెలన్నీ తప్పే.

నావి వరుసగా: 171, 186, 203, 211 న్యూటన్లు. మూడేసి నిమిషాల విశ్రాంతి ఇచ్చి మరీ లాగినవి. అలా పెరుగుతూ పోతే సంతోషించాలా? ఒక్క మధ్యాహ్నంలో ఎవరి కండరమూ 23 శాతం బలపడదు. కొంత అలవాటు పడటం వల్ల పెరుగుతుంది, నిజమే. అంతా అదే అనుకుని సరిపెట్టుకోబోయాను.

“అక్కా, నువ్వు చేత్తో లాగట్లేదు. భుజంతో లాగుతున్నావ్,” అన్నాడు తమ్ముడు.

“నా పనే ఇది రా, నాకు తెలీదా?”

వాడు ఏమీ అనకుండా ఫోన్లో తీసిన వీడియో చూపించాడు. పక్కనుంచి తీశాడు. నాలుగో లాగుడులో నా మోచెయ్యి మెత్త మీదినుంచి దాదాపు 4 సెం.మీ. పైకి లేచి ఉంది. భుజం చెవి దగ్గరికి వెళ్లింది, నడుము వెనక్కి వాలింది, పళ్లు కనబడుతున్నాయి. ఆ 211 న్యూటన్లలో నా బైసెప్స్ వాటా ఎంతో దేవుడికే తెలియాలి.

వందేళ్లకి పైబడిన పాఠం ఇది. 19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని టూరిన్‌లో ఏంజెలో మోసో ఎర్గోగ్రాఫ్ అనే పరికరం చేశాడు. మధ్యవేలితో బరువుని పదేపదే లాగించి, ఆ వేలు ఎలా అలిసిపోతుందో తిరిగే కాగితం మీద గీయించేవాడు. దాని బొమ్మ చూస్తే వేలికన్నా బిగింపులే ఎక్కువ కనిపిస్తాయి. ముంజేతిని బిగించి, చూపుడువేలినీ ఉంగరపువేలినీ లోహపు గొట్టాల్లో పెట్టేశాడు, పక్క కండరాలు సాయానికి రాకుండా. ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకి ఆ బొమ్మ చూపిస్తున్నాను. ఆ గొట్టాలు ఎందుకున్నాయో మాత్రం మా వాడి వీడియో చూశాకే ఒంటికి పట్టింది.

మార్పులు:

1. భుజం మీదుగా ఒక పట్టీ వేసి కుర్చీ కూర్చునే పలకకి కింద బిగించాను. భుజం పైకి లేవలేదు.
2. ఛాతీకి అడ్డంగా ఇంకో పట్టీ. నడుము వెనక్కి వాలదు.
3. మోచేతి మెత్త కింద చిన్న స్విచ్ పెట్టాను. మోచెయ్యి లేస్తే లైటు ఆరిపోతుంది, ఆ లాగుడు రద్దు.

తర్వాత నావి 158, 164, 161. దాదాపు 50 న్యూటన్లు పోయాయి, అయినా ప్రాణం కుదుటపడింది. అత్యధికమైన రెండు లాగుళ్ల మధ్య తేడా 5 శాతంలోపు ఉంటేనే ఒప్పుకోవాలన్నది నియమం. తమ్ముడివి 259, 268, 266.

అంతా బాగుంది అనుకుంటుండగా మణికట్టు పట్టీ కాటేసింది.

బలం ఒక్కటే చూస్తే చాలదు, మోచేతి కీలు నుంచి పట్టీ దాకా ఉన్న దూరంతో దాన్ని గుణించాలి. కండరం నిజంగా పుట్టించేది ఆ లబ్ధమే, అంటే కీలుని తిప్పే బలం, టార్క్. నా పట్టీ 24.0 సెం.మీ. దగ్గర ఉంది: 164 × 0.24 = 39.4 న్యూటన్-మీటర్లు. పది లాగుళ్ల తర్వాత కొలిస్తే పట్టీ 25.5 దగ్గర ఉంది. ముంజెయ్యి మణికట్టు వైపు సన్నబడుతుంది కదా, చెమట పట్టాక అటే జారింది. ఇప్పుడు కండరం అదే 39.4 ఇచ్చినా లోడ్ సెల్ చూపేది 154.5 న్యూటన్లే. దాదాపు 6 శాతం ‘అలసట’. కండరానికి ఆ విషయమే తెలీదు.

అంతకుముందు పది రోజుల్లో నేను ఎంతో ఇష్టంగా గీసుకున్న అలసట గ్రాఫులు మూడున్నాయి. మూడూ కొట్టేశాను. పట్టీ అంచు దగ్గర చర్మం మీద పెన్నుతో గీత గీయడం, ప్రతి లాగుడి తర్వాత గీతని చూడటం అప్పుడే మొదలైంది. పట్టీ కింద జారని ఫోమ్ చుట్టాక జారుడు 2 మి.మీ.లోపుకి వచ్చింది.

*ఇప్పటికి: ట్రయల్స్ 35, పనికొచ్చినవి 6.*

దశ 4: అరవై లాగుళ్లు (రోజు 22–33)

1965లో మోనో, షెరర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన ఆలోచన ఈ దశకి మూలం. ప్రతి కండర సమూహానికీ ఒక హద్దు బలం ఉంటుంది. దానికి కింద పనిచేస్తే చాలాసేపు నడుస్తుంది. దాటితే లోపల ఉన్న కొద్దిపాటి నిల్వని తింటూ పోతాం, అది అయిపోగానే ఆగిపోతాం. ఆ హద్దుని కొలిచే ఒక పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి నరకం. 3 సెకన్లు పూర్తి బలంతో లాగాలి, 2 సెకన్లు వదలాలి, ఇలా అయిదు నిమిషాలు. అంటే 60 లాగుళ్లు. చివరి ఆరింటి సగటే హద్దు.

మొదటి ప్రయత్నం నాదే. మొదటి లాగుడు 131 న్యూటన్లు. నా ఎంవీసీ 164. అంటే మొదలే 80 శాతం. 60వ లాగుడేమో 97, దానికి ముందువి 75 దగ్గర కొట్టుకుంటున్నాయి. ‘ఇక ఒక్కటే’ అని తెలియగానే ఎక్కడిదో బలం వచ్చేసింది.

ఇదే తప్పు విద్యార్థులు చేస్తే వెంటనే పట్టుకుంటాను. నేను లాగుతున్నప్పుడు మాత్రం దాచుకుంటున్నానని అస్సలు అనిపించలేదు. మనస్ఫూర్తిగా పూర్తి బలమే పెడుతున్నాననుకున్నాను. ఇంకా 59 ఉన్నాయని తెలిసిన మెదడు అడక్కుండానే పొదుపు మొదలుపెట్టింది.

పెట్టుకున్న నియమాలు:

1. లాగేవాళ్లకి గడియారం, గ్రాఫ్, లెక్క ఏదీ కనబడకూడదు. బీప్ వస్తే లాగాలి, ఇంకో బీప్ వస్తే వదలాలి, అంతే.
2. ఆ రోజు ఎంవీసీలో 95 శాతం మొదటి మూడు లాగుళ్లలో ఒక్కసారైనా రాకపోతే అక్కడే ఆపేయాలి.
3. ‘లాగు, లాగు’ అని అరిచే మనిషి ప్రతిసారీ ఒకేలా అరవాలి. తమ్ముడు గొంతు పట్టేసి ఊరుకున్న రోజు నా ఎంవీసీ 5 శాతం తక్కువ వచ్చింది.

రెండో ప్రయత్నం రెండో నియమానికి బలి. మూడోది మొదటి లాగుడు 159, ముప్పయ్యోది 88, చివరి ఆరు సగటు 61. చివర్లో పైకి లేచిన లాగుడు లేదు, ఎందుకంటే చివరిదని నాకు తెలీదు. మూడో నిమిషంలో ముంజెయ్యి ఇటుకలా గట్టిపడింది, వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. నాలుగో నిమిషంలో బీప్ వచ్చాక చెయ్యి లాగుతోందో లేదో కూడా నాకు తెలియలేదు, గొలుసు గలగల విని తెలుసుకున్నాను. తర్వాత రెండుసార్లు, నాలుగేసి రోజుల ఎడంతో: 64, 59. మూడిటి సగటు 61.3, నా ఎంవీసీలో 37 శాతం.

అంకె వచ్చింది కదా అని వదిలేయకుండా పరీక్షించాను. అదే 3-2 తాళంతో, ఈసారి తెర మీద గీత చూస్తూ:

- 70 న్యూటన్ల దగ్గర: 14వ నిమిషంలో గీత అందుకోలేకపోయాను.
- 55 న్యూటన్ల దగ్గర: 30 నిమిషాలయ్యాక విసుగొచ్చి నేనే ఆపేశాను. చెయ్యి ఇంకా లాగగలదు.

15 న్యూటన్ల తేడా, కిలోన్నర. ఫలితంలో ఇంత తేడా. ల్యాబ్ బయట ఈ అంకెని ఎవరూ పట్టించుకోరు గానీ, ఒక మనిషి ఏ పని ఎంతసేపు చేయగలడో చెప్పడానికి ఎంవీసీ కన్నా ఇదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

*ఇప్పటికి: ట్రయల్స్ 42, పనికొచ్చినవి 11.*

దశ 5: కండరం చప్పుడు వినడం (రోజు 34–45)

ఈఎంజీ అంటే చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, కండర తంతువుల్లో పరిగెత్తే విద్యుత్ సంకేతాలని పట్టుకోవడం.

ముందు భద్రత. ఎలక్ట్రోడ్లు ఒంటికి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి, ఛార్జర్ గోడకి ఉండకూడదు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఛార్జర్ పెట్టి ఉంచితే గ్రాఫ్ నిండా 50 హెర్ట్జ్ కరెంటు హోరు తప్ప ఇంకేమీ కనబడదు.

ఎక్కడ అంటించాలి:

1. భుజం ఎముక కొస నుంచి మోచేతి మడత దాకా ఒక గీత ఊహించుకోండి. మడత నుంచి ఆ గీతలో మూడో వంతు పైకి.
2. అక్కడ వెంట్రుకలు తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనివ్వండి.
3. రెండు ఎలక్ట్రోడ్ల కేంద్రాల మధ్య 20 మి.మీ., కండరం పోగుల వెంబడే.
4. మూడోది, రిఫరెన్సు, మణికట్టు ఎముక మీద.
5. ఎలక్ట్రోడ్ చుట్టూ పెన్నుతో గీయండి. మర్నాడు అదే చోటు దొరకాలి.

ఇక తప్పులు. సంకేతంలోని ఫ్రీక్వెన్సీలని సరిగ్గా సగానికి చీల్చే చోటు, మీడియన్ ఫ్రీక్వెన్సీ, లెక్కేస్తే 6 హెర్ట్జ్ వచ్చింది. బైసెప్స్‌కి అంత తక్కువ రాదు. అరరోజు ప్రోగ్రామ్‌ని తిరగేశాక బోర్డు కాగితం చదివాను. చవక బోర్డుల్లో చాలావాటికి మామూలుగా బయటికొచ్చేది అసలు సంకేతం కాదు, దాన్ని నునుపు చేసి గీసిన పై అంచు మాత్రమే. బలం తగ్గిందా పెరిగిందా చూడటానికి అది చాలు, ఫ్రీక్వెన్సీ లెక్కకి పనికిరాదు. అసలు సంకేతానికి వేరే పిన్ ఉంది. తీగ మార్చాను.

ఈసారి 58 హెర్ట్జ్. కాస్త నమ్మేలా ఉంది కాబట్టి ఇంకా ప్రమాదం. ఉపరితల ఈఎంజీలో 400 హెర్ట్జ్‌కి పైన కూడా కొంత ఉంటుంది, కాబట్టి సెకనుకి కనీసం 1,000 శాంపిళ్లు కావాలి. నేను ప్రోగ్రామ్‌లో 1,000 అని రాశాను, కానీ వచ్చినవి 190. కారణం సీరియల్ పోర్టు, అంటే ఆర్డునో నుంచి ల్యాప్‌టాప్‌కి రీడింగులు వెళ్లే దారి. 9600 వేగం అంటే సెకనుకి 960 అక్షరాలు. ఒక్కో రీడింగ్‌కి అయిదు అక్షరాలు పోతే 192కి మించి పట్టదు. పైనున్న ఫ్రీక్వెన్సీలన్నీ మడతపడి కిందికొచ్చి కూర్చున్నాయి. వేగాన్ని 115200కి మార్చాక 1,000 వచ్చాయి. ఎన్ని అడిగామో కాకుండా ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలని దశ 2లో నేనే రాసుకున్నాను. మళ్లీ మర్చిపోయాను.

తొమ్మిది ట్రయల్స్‌లో ఆరు ఇలా పోయాక మూడు నిలిచాయి. వాటిలో బాగా వచ్చినది ఇది. ఎంవీసీలో 50 శాతం, అంటే 82 న్యూటన్లు, పట్టుకోగలిగినంతసేపు పట్టుకోవడం.

- పట్టుకున్న సమయం: 71 సెకన్లు
- బలం: మొదటి నుంచి చివరిదాకా 82, చివర్లో వణుకు
- ఈఎంజీ పరిమాణం: ఎంవీసీ నాటి దాంట్లో 41 శాతం నుంచి 70 శాతానికి
- మీడియన్ ఫ్రీక్వెన్సీ: 78 నుంచి 52 హెర్ట్జ్‌కి

బలం గీత చూస్తే 71 సెకన్ల దాకా ఏమీ జరగలేదు. ఈఎంజీ చూస్తే పదో సెకనుకే కథ మొదలైంది. ఒక నాడీకణం, అది నడిపే కండర తంతువులు కలిపి ఒక మోటార్ యూనిట్. చిన్న యూనిట్లు ముందు పనిలోకి దిగుతాయి, పెద్దవి తర్వాత. ఎల్వుడ్ హెన్నెమన్ అనే నాడీ శాస్త్రవేత్త ఈ వరుసని తేల్చాడు. పనిచేస్తున్న తంతువులు నీరసపడుతుంటే, అదే బలం నిలపడానికి మెదడు ఇంకా పెద్ద యూనిట్లని రంగంలోకి దింపుతుంది, అందుకే పరిమాణం పెరుగుతుంది. తంతువుల వెంట సెకనుకి 4 మీటర్ల చుట్టుపక్కల పరిగెత్తే సంకేతం నెమ్మదిస్తుంది, ముఖ్యంగా అందుకే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. అలసట అనేది చెయ్యి కిందపడ్డ క్షణంలో జరిగే సంఘటన అనుకుంటే ఈ 71 సెకన్లూ కనబడవు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మీడియన్ ఫ్రీక్వెన్సీనే అలసట మీటర్‌లా వాడేదాన్ని. ఈ బల్ల మీద ఆ లెక్క తిరగబడటం చూడండి. వదిలేశాక 5 నిమిషాలకి ఫ్రీక్వెన్సీ 76కి వచ్చేసింది. అప్పుడే లాగిన ఎంవీసీ మాత్రం 148, అంటే 90 శాతమే. మీటరు ‘కోలుకుంది’ అంటోంది, కండరం ఒప్పుకోవట్లేదు. ఒకే సిటింగ్‌లో, ఎలక్ట్రోడ్ కదలకుండా, ఒకే కోణంలో ఉంటే ఫ్రీక్వెన్సీ ఒక ఆనవాలు. అంతకు మించి దాన్ని అడగొద్దు. ఎలక్ట్రోడ్ తీసి మళ్లీ అంటించిన రెండు రోజుల పరిమాణాలని నేరుగా పోల్చొద్దు, ఎంవీసీతో భాగించాకే పోల్చాలి.

*ఇప్పటికి: ట్రయల్స్ 51, పనికొచ్చినవి 14. వాడిన ఎలక్ట్రోడ్లు 27.*

దశ 6: బల్ల చెప్పలేనిది, తమ్ముడి ఫిర్యాదు (రోజు 46–49)

బలం తగ్గితే, కండరం లోపల తగ్గిందా, మెదడు నుంచి వచ్చే ఆజ్ఞే తగ్గిందా? ఈ బల్లకి అది తెలీదు. 1954లో మెర్టన్ అనే పరిశోధకుడు బొటనవేలి కండరం మీద దీనికో దారి చూపించాడు. మనిషి పూర్తి బలంతో బిగిస్తున్నప్పుడు నరానికి చిన్న షాక్ ఇచ్చాడు. బలం ఇంకా పెరిగితే కండరాన్ని మెదడు పూర్తిగా వాడట్లేదని అర్థం. ఆయనకి పెరుగుదల కనబడలేదు, కాబట్టి అలసట కండరంలోనే ఉందన్నాడు. రక్తప్రసరణ ఆపి ఉంచినంతసేపు బలం తిరిగి రాలేదు కూడా. తర్వాత ఇంకా సున్నితమైన కొలతలతో చూసినవాళ్లకి ఆజ్ఞ కూడా కొంత తగ్గుతుందని తేలింది. నా ఉద్యోగంలో సగం ఆ ‘కొంత’ ఎంత అన్న చర్చే. షాక్ ఇచ్చే పని మాత్రం ఇంట్లో వద్దు. అది ఎథిక్స్ అనుమతితో, తెలిసినవాళ్ల చేతిలో, ఆ పనికే చేసిన పరికరంతో జరగాలి.

చివరగా ఇద్దరం ఎవరి ఎంవీసీలో 30 శాతం వాళ్లు పట్టుకున్నాం. నాకు 49 న్యూటన్లు, వాడికి 80. నేను 6 నిమిషాల 10 సెకన్లు, వాడు 4 నిమిషాల 5 సెకన్లు.

“అక్కా, నువ్వేదో మోసం చేశావ్.”

ఇది మోసం కాకపోవచ్చని చెప్పాను. ఇలాంటి ఐసోమెట్రిక్ పట్టులో, ఒకే శాతం దగ్గర, సగటున ఆడవాళ్లే ఎక్కువసేపు నిలుస్తారని చాలాసార్లు కొలిచారు. బలమైన కండరం బిగిస్తే లోపలి ఒత్తిడి ఎక్కువై రక్తనాళాలు నొక్కుకుపోతాయన్నది ఒక కారణం. వాడు విన్లేదు. చెయ్యి చాపి పట్టీ చూపించాడు.

పెన్ను గీత నుంచి పట్టీ 1.2 సెం.మీ. జారి ఉంది. వాడి దూరం 26.0, ఇప్పుడు 27.2. వాడు తెర మీది గీతని చూస్తూ 80 న్యూటన్లే నిలిపాడు కానీ, మోచెయ్యి దగ్గర 4.6 శాతం ఎక్కువ టార్క్ మోశాడు. ఫోమ్ నా చేతి కొలతకి కోసింది, వాడి మణికట్టుకి చాలలేదు. వాడి ట్రయల్ కొట్టేశాను, నాది ఉంచాను. వాడి కొలతకి ఫోమ్ కోసి పెట్టాను, శనివారం మళ్లీ కూర్చుంటాడట.

*ఇప్పటికి: ట్రయల్స్ 53, పనికొచ్చినవి 15.*